ఫిజీదీవులలో విలాసపు విడుదులు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మన మెట్టపొలములకు మిక్కిలి దూరమైనది. పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీదీవులలో విదేశీయాత్రికులకై వెలసిన విలాసపు విడుదులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని సంకల్పించితిని. ఆ దీవులతో మనకేమి పనియని మీరు శంకింపవచ్చును. 1903 మొదలు 1916 వఱకు చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి, అయిదేండ్ల కూలియొప్పందముపై అచటి చెఱకుతోటలకు పోయిన దక్షిణదేశీయులు సుమారు 15 వేలమంది. వారిలో తెలుగువారును గలరు. గడువు తీఱిన పిదప పలువురు మరలి రాలేదు. 1941లో వారు దక్షిణభారత ఆంధ్రసంఘమును స్థాపించుకొని పాఠశాలలు నడపిరి. కావున అది కొంతవఱకు మనవారి కథయే.

వారు స్థిరపడిన పశ్చిమతీరమున ఒక పట్టణము కలదు. ఆంగ్లలిపిలో వ్రాయునపుడు నాడి యని కనబడును గాని అచటివారు దానిని నాంది యనియే పలుకుదురు. నందిగామవారికి ఆ పేరు వినసొంపుగా నుండును. ఆ దేశమున నూటికి 87 పాళ్లకు పైబడిన నేల ఆదివాసుల తెగలదే. దానిని అమ్మరాదు, కౌలునకు మాత్రమే ఇయ్యవచ్చును. 1976 నాటి చట్టము క్రింద మనవారికి 30 ఏండ్ల కౌలు లభించినది. 1997 నుండి ఆ కౌళ్లు ముగియజొచ్చెను. పెక్కు కుటుంబములు చెఱకుపొలములు విడిచి పట్టణముల అంచులకు చేరినవి. తండ్రి కొడవలి పట్టిన చోట కుమారుడు విడుదులలో వంటవాడో, కారు నడపువాడో ఆయెను.

2017 జనాభాలెక్కలలో ఆ దేశప్రజలు 8 లక్షల 85 వేలు. 2019లో వచ్చిన యాత్రికులు 8 లక్షల 94 వేలు! ఇంటివారికంటె అతిథులే హెచ్చన్నమాట. ఇంతమంది వచ్చి ధనము వెదజల్లుచుండగా ఆ దీవులు బంగారుమయము కావలదా? ఇచటనే లెక్క కొంచెము నిదానించి చూడవలెను. ఆస్ట్రేలియా యాత్రికుడు తన గదికి కావలసిన సొమ్మును పెక్కుమాఱులు తన యూరనే చెల్లించి వచ్చును. అందులో విమానమువారి పాలు, బేరము కుదిర్చిన వాని తరుగు, విడుదికి యజమానియగు విదేశీసంస్థ లాభము మొదలే పోవును. మిగిలిన దానిలో మాంసమునకు, వెన్నకు, మద్యమునకు, గదిలోని యంత్రపరికరములకు మరల సొమ్ము ఓడపై పరదేశమునకే పోవును. యాత్రికుడు వెచ్చించిన దానిలో సగమునకు మించినది దేశమున నిలువదని అర్థశాస్త్రజ్ఞుల అంచనా. మనయూరి చెఱువునకు తూము మూయకుండ నీరు నింపుట వంటిది ఈ వ్యాపారము.

అయినను న్యాయము పలుకవలెను. జీతములు, పన్నులు, కౌలుసొమ్ము దేశముననే నిలుచును. నెలనెలా చేతికందు జీతము, ఏటికొకపంట నమ్ముకొన్నవానికి చిన్న విషయము గాదు. ఆ జీతమును ఈసడించుట కడుపు నిండినవారికే తగును. నా వాదమంతయు వ్యయపుపట్టీని గూర్చియే. ఆ పట్టీలో కొన్ని పద్దులు ఎన్నడును వ్రాయబడలేదు.

నాంది చెంత దెనరావు అను చిన్నదీవి కలదు. ఒకప్పుడది మడచెట్ల బురదనేల. 1975లో అచట మొదటి పెద్దవిడుది తెఱచిరి. పిదప మడచెట్లు కొట్టి, బురద పూడ్చి, బంతియాటకు విశాలమైన పచ్చికబయళ్లు పఱచిరి. మడచెట్టు పండ్లకు పెద్దగా పనికిరాదు. చూచువానికి పిచ్చిమొక్కవలె నుండును. కాని దాని వ్రేళ్లనడుమ చేపపిల్లలు, పీతలు పెరుగును. తుపాను అలల ఊపు తగ్గును. ఏటివండలి అచట నిలిచి సముద్రమున కలియకుండును. కోరింగ మడయడవిని ఎఱిగినవారికి ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఇక పగడపుదిబ్బ. జగ్గయ్యపేట గనులలో మీరు నిత్యము చూచు సున్నపురాయి కోట్ల యేండ్లకు పూర్వము సముద్రగర్భమున పేరుకొన్నదే. అప్పటికి పగడము పుట్టనేలేదు. ఫిజీలో అట్టి సున్నపుశిల నేటికిని సజీవముగా పెరుగుచున్నది. ఆవగింజలను బోలిన ప్రాణులు సముద్రజలమునుండి సున్నమును గ్రహించి గూళ్లు కట్టుకొనును. ఆ గూళ్ల సముదాయమే దిబ్బ. అది తీరమునకు ప్రహరిగోడ, చేపలకు ఊరు. యాత్రికుడు మోజుపడి వచ్చు ఆ తెల్లని యిసుకలో కొంతభాగము పగడపుపొడియే. విడుదుల మురుగునీరు చక్కగా శుద్ధిగాక సముద్రమున పడినచో ఏమగును? ఎరువు హెచ్చిన చెఱువున గుఱ్ఱపుడెక్క అల్లుకొన్నట్లు దిబ్బపై నాచు వ్యాపించి, వెలుతురు సోకనీయక పగడమును చంపును. ఫిజీ దక్షిణతీరమున ఇట్టి నాచు పెరిగినది. అందుకు విడుదులనే నిందింపరాదు. గ్రామముల పందులదొడ్ల నీరును అందులో కలియుచున్నది. ఇదిగాక 2000వ సంవత్సరమున సముద్రము వేడెక్కి ఎన్నో దిబ్బలు తెల్లబారినవి. ఆ వేడికి కారణమగు పొగలో యాత్రికులను మోసుకొనివచ్చు విమానముల పాలు కొంత కలదు.

2020 మార్చిలో మహమ్మారివలన ఆ దేశము తన ద్వారములు మూసెను. ఆ యేడు వచ్చిన యాత్రికులు 1 లక్షా 47 వేలు మాత్రమే, వారును చాలవఱకు ఆరంభపు మాసములలో వచ్చినవారే. 2021 డిసెంబరుదాక ద్వారము మరల తెఱవబడలేదు. జీతములు పోయినవారు పల్లెలకు మరలి కఱ్ఱపెండలము నాటిరి. చేతిలో రొక్కము లేక వస్తువునకు వస్తువు మార్చుకొనిరి. మిరపపంట ధర పడిపోయిన ఏడు మెట్టరైతు పడు పాటు మీకు తెలియును. మిరపకాయను గిడ్డంగిలోనైన దాచి మఱికొంతకాలము వేచియుండవచ్చును. అద్దెకు పోని గదిని మఱునాటికి దాచుట ఎట్లు?

మన కృష్ణానదిలోను, విజయవాడయెద్ద ప్రకాశం ఆనకట్టకు ఎగువన, 133 ఎకరముల భవానీద్వీపము విహారస్థలమైనది. 2019లోను, 2024లోను వఱద దానిని ముంచివేసెను. నేడు కాకున్న రేపు మన వేదాద్రి, ముక్త్యాల రేవులయొద్ద నదీతీరమున విడుదులు కట్టెదమని ఎవరేని రావచ్చును. రావలదని నేననను. నీరు ఏ బావినుండి తోడెదరు? మురుగు ఎచటికి పోవును? కూరగాయలు, పాలు ఈ ఊర కొందురా, పట్టణమునుండి తెత్తురా? కౌలు ఎన్నేండ్లు, గడువు తీఱిన పిదప కట్టడము ఎవరిది? ఈ నాలుగును కాగితముపై వ్రాయించుకొనుట పెద్దల పని. ఆ పని పునాది త్రవ్వకమునుపే కావలెను.

మమనుద దీవులలో మలోలో అను దీవియందు అట్లు జరుగలేదు. 2018లో ఫ్రీసోల్ అను సంస్థ పెద్దవిడుది కట్టదలచి, తగిన అనుమతి లేకయే, పడవలు వచ్చుటకై పగడపుదిబ్బను చీల్చి కాలువ త్రవ్వించెను. ఇరుగుపొరుగువారు మొఱపెట్టుకొనిరి. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. 2022 ఏప్రిల్‌లో ఫిజీ ఉన్నతన్యాయస్థానము ఆ సంస్థకు 10 లక్షల ఫిజీడాలర్ల జరిమానా విధించి, చెఱచిన తావును బాగుచేయుటకై మఱి 14 లక్షలకు పూచీ నిలుపవలసినదని ఆజ్ఞాపించెను. పర్యావరణచట్టము క్రింద ఆ దేశమున అంతటి శిక్ష అంతకుముందు ఎవరికిని పడియుండలేదు. గుండువలె ఎదుగు పగడము సంవత్సరమునకు వ్రేలెడైనను పెరుగదు.