వేళ దాటి వచ్చిన కీర్తి

రేడియోలో పాట వినునపుడు, పాడినవారు ఎక్కడనో ఉన్నారనియు, తమ పాటకు కలిగిన ఆదరణ వారికి సంతోషము కూర్చుచున్నదనియు మనము తలంతుము. అన్నివేళల అట్లు జరుగదు. 1969 మార్చి నెలలో ఒక ఆంగ్ల బృందపు పాట అమెరికా రేడియోలలో మారుమ్రోగి, అచ్చటి జనాదరణ పట్టికలో 3వ స్థానమునకు చేరెను. కాని అప్పటికి ఆ బృందమే లేదు. అది విడిపోయి ఏడాది దాటినది. ఆ కథను నేడు మీకు వినిపింపదలచితిమి.

ఆ బృందము పేరు జాంబీస్. చచ్చియు లేచి తిరుగు శవములని ఆ మాటకు అర్థము. లండనుకు ఉత్తరమున సెంట్ ఆల్బన్స్ అను పాత పట్టణము కలదు. అచ్చటి పాఠశాలలలో చదివిన యువకులే వీరు. రాడ్ ఆర్జెంట్ ఆర్గన్, పియానో వాయించును. కోలిన్ బ్లన్‌స్టోన్ గాయకుడు. పాల్ ఆట్కిన్‌సన్ గిటారును, క్రిస్ వైట్ బేస్ గిటారును, హ్యూ గ్రండీ డ్రమ్ములను వాయించువారు. 1964లో ఒక పోటీలో నెగ్గగా డెక్కా కంపెనీ వారితో ఒప్పందము కుదిరెను. ఆర్జెంట్ వ్రాసిన ‘షీ ఈజ్ నాట్ దేర్’ వారి తొలి రికార్డు. అది బ్రిటనులో 12వ స్థానమును, అమెరికాలో 2వ స్థానమును పొందెను. అప్పటికి గాయకునికి పందొమ్మిదేండ్లు.

ఆరంభము ఘనమే గాని అది నిలువలేదు. 1965లో మరియొక పాట అమెరికాలో 6వ స్థానమునకు ఎక్కిన పిమ్మట, వరుసగా వచ్చిన రికార్డులను కొనువారు కరవైరి. 1967లో సీబీఎస్ కంపెనీ వారు వేయి పౌనులిచ్చి ఒక పెద్ద రికార్డు చేయుమనిరి. ఆ యువకులు అంతకుముందే పాటలను చక్కగా సాధన చేసికొని ఆబీ రోడ్ స్టూడియోలో ప్రవేశించిరి. ఏలయన, అచ్చట ప్రతి గంటకును వెల కట్టవలెను. కొద్ది వారముల క్రిందటనే బీటిల్స్ తమ ‘సార్జెంట్ పెప్పర్’ను ఆ స్టూడియోలోనే ముగించి యుండిరి. వారు విడిచిపోయిన మెల్లోట్రాన్ అను వాద్యము వీరికి అక్కరకు వచ్చెను. దాని మీటలు నొక్కినచో, టేపులపై ముందే పట్టి యుంచిన వయొలిన్ల, వేణువుల నాదములు పలుకును. వాద్యబృందమును పిలిపింప ధనము లేనివారికి అది పెన్నిధి. స్టీరియో ప్రతి కూడ కావలెనని కంపెనీ వారు కోరగా, ఆర్జెంట్, వైట్ తమ సొంత సొమ్మును వెచ్చించిరి.

ఆ ఇరువురికే వెచ్చింప సొమ్ము ఉండుటకు కారణము కలదు. పాటలు వ్రాసినవారు వారే. రచయితలకు హక్కుల సొమ్ము ముట్టుచుండెను. తక్కిన మువ్వురికి కచేరీల రాబడియే దిక్కు. ఆ రాబడి నానాటికి సన్నగిల్లెను. పాట అందరిదే, ఫలము మాత్రము కొందరిది. వైరము లేకున్నను జీవనము గడువక 1967 చివర వారు విడిపోయిరి. బ్లన్‌స్టోన్ ఒక బీమా కంపెనీలో ఉద్యోగమున చేరెను. 1968 ఏప్రిల్‌లో ‘ఒడిస్సీ అండ్ ఒరాకిల్’ అను పేరుతో ఆ రికార్డు వెలువడెను. అట్టపై ‘ఒడిస్సీ’ అను మాటలో ఒక అక్షరము తప్పు పడెను. ఆ తప్పును ఎంచుటకైన కొనువారు చాలమంది లేరు.

అమెరికాలో సీబీఎస్ వారి కొలువులో నున్న ఆల్ కూపర్ అను సంగీతజ్ఞుడు ఆ రికార్డును విని, దీనిని విడువరాదని పై వారితో వాదించెను. అందలి ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ అను పాట విడిగా వెలువడెను. రేడియోలు దానిని ఎత్తుకొనగా పాట గెలిచెను. మరల కలిసి రండని పిలుపులు వచ్చినను వారు పోలేదు. ఆర్జెంట్, వైట్ అప్పటికే వేరొక బృందపు పనిలో నుండిరి. ఆ ఎడము చూచి, అదే పేరు పెట్టుకొన్న బూటకపు బృందములు అమెరికాలో కచేరీలు చేసి సొమ్ము గడించినవి.

పాల్ ఆట్కిన్‌సన్ 2004లో కన్ను మూసెను. 2008లో మిగిలిన నలుగురు లండనులో ఆ రికార్డులోని పాటలన్నియు వేదికపై వినిపించిరి. 2019లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తి మందిరమున వారికి స్థానము లభించెను.

మైకు ముందు కూర్చుండు మాబోటి వారికి ఈ కథ కొంత దగ్గరిది. పలికిన మాట ఎవరి ఇంట, ఏనాడు, ఎవరి చెవిని పడునో మేమెరుగము. జాంబీస్ కూడ ఎరుగరు. కీర్తి వచ్చునో రాదో వారి చేతిలో లేదు; కలసి బ్రదుకుటకు చాలినంత సొమ్మును లేదు. చేతిలో నున్నవి కొన్ని నెలలు, వేయి పౌనులు మాత్రమే. ఆ కొద్దిపాటి దానిలో ఒక్క పాటనైన అలక్ష్యముగా విడువలేదు. కనుకనే వారు లేని వేళ కూడ పాట తన త్రోవను తానే వెదకికొనెను.