సర్పగంధయు, దేహపు కలవరమును

అర్ధరాత్రమున కుక్కలు మొఱిగినచో మీరు దిగ్గున లేచి కూర్చుందురు. గుండె దడదడలాడును, నోరెండును, చేతులు చల్లబడును. ఇది రోగము కాదు. ఆపదవేళ దేహము తన్ను తాను కాచుకొను విధము.

నరముల కొనలయందు నోరడ్రినలిన్ అను రసము గాదెలలో ధాన్యమువలె నిలువయుండును. మెదడు ఆజ్ఞాపింపగానే అది వెలికివచ్చి, గుండెను త్వరపెట్టి, రక్తనాళములను బిగించును. అందుచే రక్తపుపోటు హెచ్చును. ఆపద తొలగిన పిదప అది తగ్గవలయును. ఎల్లప్పుడును హెచ్చియున్నచో గుండెకును, మెదడునకును, మూత్రపిండములకును చేటు.

ఈ కలవరము నణచు మూలిక యొకటి మన దేశముననే కలదు. అది సర్పగంధ, పాతాళగంధి యనియు నందురు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు గారలు ఈ వేరు ఉన్మాదమునకును, రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలు గారు తమ రోగుల యనుభవమును ఆంగ్ల వైద్యపత్రికలో వెల్లడింపగా లోకమంతయు దీనివైపు చూచెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దీని సారమగు రిసర్పిన్‌ను వేరుచేసిరి.

రిసర్పిన్ చేయు పని యేమన, గాదెలోనికి ధాన్యము చేరనీయదు. వెలుపల మిగిలినది క్షయించును. కొన్ని దినములకు గాదె వట్టిదగును. ఆపై మెదడెంత ఆజ్ఞాపించినను నరమునకు ఇచ్చుటకు ఏమియు నుండదు. నాళములు సడలును, పోటు తగ్గును. మెదడులోను ఇట్లే జరుగుటచే మనస్సు నెమ్మదించి మత్తు కలుగును.

అయితే ఒక మాట మఱవరాదు. మనము మంచము దిగి నిలువబడునపుడు రక్తము కాళ్లకు దిగిపోకుండ నాళములను బిగించునదియు ఆ నరములే. గాదె వట్టిదైనచో తల తిరిగి పడిపోవచ్చును. ముక్కు దిబ్బడ, నాడి మందగించుట కూడ కలుగవచ్చును. హెచ్చు మోతాదు వలన కొందఱికి తీరని దిగులు కలుగునని వైద్యులు హెచ్చరింతురు. మందు మానినను గాదె నిండుటకు పలు దినములు పట్టును.

ఒక వేరున సార మెంత యున్నదో కంటికి తెలియదు. కావున ఎవరో ఇచ్చిన వేరును నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రను మానరాదు. నేడు పోటునకు వేఱు మందులు పెక్కు వచ్చినవి. రిసర్పిన్ వాడుక అరుదైనది. వేరుగాని, చూర్ణముగాని పుచ్చుకొనుచున్నచో ఆ సంగతి వైద్యునితో దాచక చెప్పుడు. ప్రొద్దుట లేచునపుడు క్షణము కూర్చుండి, పిమ్మట నిలువుడు. కలవరము నణచుట మేలే. కాని కాపలాను బొత్తిగా నిద్రపుచ్చుట మేలు కాదు.