దొంగకు జైలు సరే, పోయిన ఏండ్లు ఎవరిస్తరు?

(మాదాపూర్ బస్తీ సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగం)



మీలో చానామంది ఎదురుగ కనబడే ఈ అద్దాల మేడల్ల ఊడ్చేటోళ్లు, గేటుకాడ నిలబడేటోళ్లు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కాడినుంచి హైటెక్ సిటీకి కంపెనీ మీద కంపెనీ వచ్చింది. ప్రైవేటు కొలువుల్ల రిజర్వేషన్ మాత్రం రాలేదు. అందుకే మన బిడ్డలకు సర్కారు పరీక్షే తలుపు. భూమి లేనోడికి, సిఫార్సు లేనోడికి అందరితో సమానంగా చేతికొచ్చేది ప్రశ్నపత్రం ఒక్కటే. దాన్ని అమ్ముకుంటే పోయేది కాగితం కాదు, మన సమానత్వం.

2022 అక్టోబర్ 16న 503 గ్రూప్-1 పోస్టులకు 2 లక్షల 80 వేలమందికి పైగా ప్రిలిమ్స్ రాసిండ్రు. పేపర్లు లీకైనయని 2023 మార్చిలో రద్దు చేసిండ్రు. కమిషన్ ఆఫీసు లోపలి కంప్యూటర్ నుంచే పేపర్లు పోయినయని కేసు. ఈ మేడల్లకు చీపురు పట్టుకొని పోవాలన్నా మనం కార్డు చూపాలె. లక్షలమంది బతుకులున్న కంప్యూటర్‌కు ఆపాటి కాపలా లేకపాయె! 2023 జూన్ 11న మళ్లీ రాసిండ్రు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి.

చట్టం లేదా? ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చేసిండ్రు: 3 నుంచి 7 ఏండ్ల జైలు. కేంద్రం తన పరీక్షలకు 2024లో ఇంకోటి తెచ్చింది: ముఠా కట్టి చేస్తే 5 నుంచి 10 ఏండ్ల జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. తప్పుచేసిన ఏజెన్సీ నుంచి పరీక్ష ఖర్చు కూడా వసూలు చేయమన్నది. అది సర్కారు ఖర్చు. మరి అశోక్‌నగర్‌ల గది కిరాయికి తల్లి కుదువబెట్టిన పుస్తెలతాడు సంగతి? దాటిపోయిన వయసు సంగతి? ఆ చట్టంల దానికి ఒక్క మాట లేదు.

కాబట్టి మనం అడగవలసింది పెద్ద శిక్ష ఒక్కటే కాదు. పరీక్ష రద్దయితే గడువులోగా మళ్లీ పెట్టాలె. పోయినంత కాలం వయసు సడలించాలె. పేద అభ్యర్థికి నష్టపరిహారం కట్టియ్యాలె. కాపలా కాయని పెద్ద అధికారీ జవాబు చెప్పాలె.

ఒకమాట మనకు మనం చెప్పుకోవాలె. పేపర్ ఇప్పిస్తనని ఎవడన్నా గడపకొస్తే నగలు అమ్మకుండ్రి. 2023 కేసుల కొన్నోళ్లు కూడా అరెస్టయిండ్రు. మనం కొంటే దోచేది ఇంకో గుడిసెల చదివే బిడ్డనే.

జై భీమ్!