ముందు ఇంటి బస్తా, తరువాతే కాటా

(మండల మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి మాట్లాడమని మనవాళ్లు చెప్పారు. మాట్లాడతాం. అయితే ముందు మొలకల గురించి మాట్లాడతాం. నవ్వకండి, రెండూ ఒకే సంగతి.

మనది మాగాణి. వరి కోతకు ముందు ఆ తడిలోనే పెసలో మినుములో చల్లుతాం. నేల పదునుతోనే పంట వస్తుంది. పల్లాకు తెగులు తప్పితే ఎకరానికి మూడు నాలుగు క్వింటాళ్లు ఇంటికొస్తాయి. ఇంటికొస్తాయి అన్నాం గానీ, అసలు రావు. ఎరువుల కొట్టు బాకీ, కౌలు బాకీ నెత్తిన ఉంటాయి కాబట్టి కళ్లంలోంచే కాటా మీదికి పోతాయి. ఆ సాయంత్రమే మన పిల్లవాడు ఐదు రూపాయలు పట్టుకుని చిప్స్ పొట్లానికి కొట్టుకు పరిగెడతాడు. పెసలు పండించిన ఇంట్లో పిల్లలు గాలి నింపిన పొట్లం తింటున్నారు.

లెక్క చూద్దాం. 2025-26కు పెసలకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,768 రూపాయలు. ఆ ధరకే కట్టినా 50 గ్రాముల పెసలు నాలుగున్నర రూపాయల లోపే. నానబెట్టి మొలకెత్తిస్తే అవి రెట్టింపుకు పైగా తూగుతాయి. పెసల్లో నాలుగో వంతుకు దగ్గరగా మాంసకృత్తులే. ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ మొలక వచ్చేసరికి పుడుతుంది. గింజలోని ఇనుమును ఒంటికి పట్టనీయని పదార్థం కూడా కొంత తగ్గుతుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నాట్లేసేదీ కలుపు తీసేదీ వాళ్లే కదా. మొలకలు తింటున్నాం కదా అని ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు మానకండి. రెండూ కావాలి.

ఇది మనకు కొత్త కాదు. శ్రావణ మాసంలో వాయనానికి నానబెట్టిన శనగలు ఇచ్చుకుంటాం. శ్రీరామనవమికి వడపప్పు పంచుకుంటాం. పండక్కి చేసేదే రోజూ చేసుకుందాం అంటున్నాం.

ఇక ఏ గింజ నానబెట్టాలి? ఇది చాలా ముఖ్యం. ఒకసారి మా ఇంట్లో విత్తగా మిగిలిన పెసలు రెండు కిలోలు అటక మీద పెట్టాం. అవి మందు పట్టించిన విత్తనాలు. కొన్నాళ్లకు మా కోడలు పాపం తెలియక వాటిని గిన్నెలో పోసింది. నీళ్లు ఎర్రబడేసరికి గట్టిగా కేకేసింది. అప్పుడు గానీ మాకు బుద్ధి రాలేదు. మందు పట్టించిన గింజ ఎన్నిసార్లు కడిగినా తినడానికి పనికిరాదు. పొరపాటున కూడా వంటింట్లోకి రానివ్వకండి. గ్యాసు బిళ్లలు పెట్టిన బస్తా కూడా వద్దు, ఆ బిళ్లలు మనుషులుండే ఇంట్లోనే పెట్టకూడదు. కోతకు ముందు చేను ఎండాలని కలుపుమందు కొట్టే అలవాటు కొందరికి పట్టుకుంది. ఆ గింజ మనమూ తినొద్దు, ఊరికీ అమ్మొద్దు.

అందుకే చేలో ఒక మూల ఇంటికని వదలండి. మందు కొట్టకుండా కోసి, పంటి కింద కటుక్కుమనేదాకా ఎండబెట్టండి. కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించి, ఎండిన వేపాకు వేసి డబ్బాలో పోసుకుంటే పురుగు అంత తొందరగా పట్టదు.

పద్ధతి మీకు తెలిసిందే, అయినా చెబుతాం. నీళ్లలో పోసి పైకి తేలిన పుచ్చు గింజలు తీసేయండి. జిడ్డు పోయేలా రెండు మూడుసార్లు కడిగి, రాత్రి మంచినీళ్లలో నానబెట్టండి. పొద్దున నీళ్లు వంచేసి, ఉతికిన పలచటి గుడ్డలో మూటకట్టి నీడన వేలాడదీయండి. పూటకోసారి తడపండి. ఎండాకాలం అదే సాయంత్రానికి, చలికాలం మర్నాటికి మొలక కనిపిస్తుంది. జిగురొచ్చినా, పులిసిన వాసనేసినా గొడ్లకు కూడా పెట్టకుండా పారేయండి. మొలకకు నచ్చే తడీ వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ నచ్చుతాయి. కాబట్టి చిన్నపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు పచ్చివి పెట్టొద్దు. ఇడ్లీ పాత్రలో బాగా ఉడికించి పెట్టండి.

ఉడికినవాటిని ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేసి కొబ్బరి కోరు చల్లితే గుగ్గిళ్లు. దించాక నిమ్మకాయ పిండండి, ఇనుము ఒంటికి పడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, గుప్పెడు బియ్యం కలిపి రుబ్బితే పెసరట్టు. అటుకుల ఉప్మాలో కలిపితే బడి నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం తిండి. ఉలవలు, అలసందలు, శనగలు కూడా ఇలాగే మొలకెత్తుతాయి. కాస్త ఎక్కువసేపు నానాలి, ఎక్కువసేపు ఉడకాలి.

ఇప్పుడు ధర సంగతి. ఇంటికో బస్తా ఉంచుకోమంటే "అమ్మితేనే అప్పు తీరదు, ఉంచుకుంటే ఎలా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ప్రకటించిన ధర చేతికొస్తే ఆ బస్తా మనకు బరువు కాదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో కంది, మినుము, మసూరు ఎంత తెస్తే అంత నాలుగేళ్లపాటు కొంటామన్నారు. ఆ మూడింటిలో పెసర లేదు. కొనుగోలు కేంద్రం తెరిచేసరికి కళ్లాలు ఖాళీ అయిపోతాయి.

కాబట్టి మన కోరికలు మూడు. పెసలనూ ఆ జాబితాలో చేర్చాలి. కోతకు ముందే కేంద్రం తెరవాలి. అంగన్‌వాడీలకు, బడి భోజనానికి ఇక్కడి రైతుల పెసలే కొని, ఉడికించిన మొలకలు పిల్లలకు పెట్టాలి. అప్పుడు మన పంటకు ధర, మన పిల్లలకు తిండి రెండూ దక్కుతాయి.

వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక డబ్బా మొలకలు, ఒక వినతిపత్రం తీసుకురండి. మొలకలు మనం తిందాం. వినతిపత్రాలు అందరం కలిసి కలెక్టరాఫీసులో ఇచ్చివద్దాం.