ఇరవై అంకెల పద్యం

(రియాద్ నగరం, మలాజ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని? మొన్న శుక్రవారం మా అమ్మాయి అడిగింది. ల్యాప్‌టాప్‌లో లెక్క వేస్తే చివరి అంకెలన్నీ సున్నాలే వచ్చాయి. "మొదటి గడి తప్ప అన్నీ సరి సంఖ్యలే కదా నాన్నా, మొత్తం బేసి కావాలి. చివర సున్నా ఏమిటి?" అంది. ఇంజనీరునై ఉండి నీళ్ళు నమిలాను.

అప్పుడు పావులూరి మల్లన పద్యం గుర్తొచ్చింది, సగమే. ఊళ్ళో నాన్నగారికి ఫోన్ చేశాను. రాజరాజ నరేంద్రుని కాలంవాడని చెప్పే ఆ కవి అంకెలను మాటల్లో దాచాడు: శరం 5, చంద్రుడు 1, వేదం 4, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు రాసుకుంటూ పోవాలి. వచ్చింది: 18446744073709551615. కంప్యూటర్‌లో 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే! 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం.

నా ల్యాప్‌టాప్ 15 అంకెల దగ్గర ఆగింది. పద్యం ఇరవై అంకెలనూ మోసుకొచ్చింది. ఒక్క మాట జారినా ఛందస్సు పట్టిస్తుంది.

తాతయ్య చెబుతుంటే మా అమ్మాయి ఆ పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. తెలుగు రాయడం నేను నేర్పలేదు. ఆ బాకీ నాది. ఈ వారమే అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను.

సెలవు.