డబ్బు ఉందని ఎవరు చూశారు? సర్కారు లెక్కలు రాసేవాళ్లతో ఒక మాట

చిల్కానగర్ నుంచి మాట్లాడుతున్నా. వీడియో చూసే టైం లేనివాళ్ల కోసం ప్రతి ఎపిసోడ్‌నీ ఇలా రాతలో కూడా పెడుతున్నాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఫోన్‌లో తెరిస్తే దిగేలోపు చదివేయొచ్చు.

ఈ రోజు విషయం పేరు వింటే చప్పగా ఉంటుంది: సర్కారు ఆఫీసుల్లో డబ్బు లెక్కలు చూసే ఉద్యోగులకు ఇచ్చే ట్రైనింగ్. "మాకెందుకు ఇది?" అంటారేమో. మన చుట్టూ ఒకసారి చూడండి. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సీసీఎంబీ ఉంది. తార్నాకలో ఐఐసీటీ. కొంచెం అటు పోతే ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ. ఈ సంస్థలన్నిటిలో అకౌంట్స్ సెక్షన్ ఉంటుంది. ఇక మన బస్తీల్లో గ్రూప్-2, గ్రూప్-3 చదివే పిల్లలు ఎంతమందో లెక్కే లేదు. రేపు వాళ్లలో కొందరు అకౌంటెంట్ సీట్లోనో, ఆడిటర్ సీట్లోనో కూర్చుంటారు. ఆ సీట్లో కూర్చున్న రోజు మీకు పనికొచ్చే మాట ఒకటి ఇప్పుడే చెబుతా.

కొత్తగా చేరిన లెక్కల ఉద్యోగులకు నేను కొన్నేళ్లుగా క్లాసులు చెబుతున్నా. అసలు ఈ క్లాసులు ఎట్లా ఉంటాయో ముందు చెప్తా. పొద్దున పది గంటలకు రిజిస్టర్‌లో సంతకం, ఒక ఫైలు, ఒక పెన్ను. తర్వాత తెర మీద స్లైడ్లు. ఏ ఖర్చు ఏ హెడ్ కింద రాయాలి, బిల్లుకు ఏమేం జత చేయాలి, ఏ ఫారం ఎవరు నింపాలి. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది. భోజనం తర్వాత సగం మందికి నిద్ర. సాయంత్రం గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్.

మన హైదరాబాద్‌లో ఇలాంటి ట్రైనింగులకు కొదవ లేదు. ఆస్కీ 1956 నుంచి ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల మేనేజర్ల కోసమే 1964లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ పెట్టారు, మనకు దగ్గర్లోనే, ఉస్మానియా క్యాంపస్‌లో. జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ ఉంది. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం మిషన్ కర్మయోగికి ఓకే చెప్పాక ఫోన్‌లోనే కోర్సులు చేసుకునేలా ఐగాట్ యాప్ కూడా వచ్చింది. అంటే నేర్చుకునే దారులు చాలానే ఉన్నాయి. ఆ దారిలో మనోళ్లు ఏం నేర్చుకుంటున్నారు అన్నదే నా ప్రశ్న.

రూల్స్ నేర్పుతున్నాం. మంచిదే, రూల్ తెలియకపోతే బిల్లు కదలదు. కానీ ఒక చిన్న ప్రశ్న అడగడం సరిగ్గా నేర్పడం లేదు. ఆ ప్రశ్న ఇది: "సార్, కాగితం మీద ఉన్న ఈ డబ్బు నిజంగా బ్యాంకులో ఉందా? ఉందని ఎవరు చూశారు?"

ఇది అడగకపోతే ఏమవుతుందో మన ఊళ్లోనే జరిగింది. తెలుగు అకాడమీ పేరు తెలియనివాళ్లు మీలో ఉండరు. 1968లో పి.వి. నరసింహారావు గారు విద్యాశాఖ మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన సంస్థ. ఇంటర్ పుస్తకం కొన్న ప్రతి ఒక్కరూ, గ్రూప్స్‌కు చదివిన ప్రతి ఒక్కరూ దానికి నాలుగు రూపాయలు కట్టినవాళ్లే. అలా పుస్తకాల మీద వచ్చిన సొమ్మును అకాడమీ బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మామూలు సర్కారు శాఖ డబ్బు ట్రెజరీ ద్వారా నడుస్తుంది. బిల్లు పెడతారు, ట్రెజరీ చూసి పాస్ చేస్తుంది. అంటే సంతకం పెట్టిన ఆఫీసర్ ఒకరు, డబ్బు వదిలేవాళ్లు ఇంకొకరు. అకాడమీ లాంటి స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థలకు, కార్పొరేషన్లకు, బోర్డులకు సొంత బ్యాంకు ఖాతాలుంటాయి. అక్కడ ఆ రెండో కన్ను ఆఫీసు లోపలే ఉండాలి. లేకపోతే లేనట్టే.

2021 సెప్టెంబర్ చివర్లో బయటపడింది ఏమిటంటే, అకాడమీ డిపాజిట్లలో సుమారు 64 కోట్ల రూపాయలు బ్యాంకుల్లో లేవు. పోలీసులు చెప్పిన ప్రకారం, నకిలీ కాగితాలు పెట్టి ఆ డిపాజిట్లను గడువు కంటే ముందే మూసేశారు. సొమ్మును ఒక సహకార పరపతి సంఘం ఖాతాలోకి మళ్లించారు. అక్కడి నుంచి నగదుగా లాగేశారు. అరెస్టయినవాళ్లలో బ్యాంకు లోపలివాళ్లూ ఉన్నారు, అకాడమీ లోపలివాళ్లూ ఉన్నారు, మధ్యలో తిరిగిన దళారులూ ఉన్నారు.

ఈ సంగతి క్లాసులో చెప్పగానే అందరూ "ఎవడు సార్ ఆ దొంగ?" అని అడుగుతారు. దొంగ సంగతి పోలీసులు, కోర్టు చూసుకుంటారు. లెక్కల మనిషి అడగాల్సింది వేరు. ఆ డిపాజిట్ బ్యాంకులో ఉందా లేదా అని చివరిసారి ఎవరు, ఏ రోజు, ఎట్లా సరిచూశారు? బీరువాలో రసీదు ఉంటే డబ్బు ఉన్నట్టు కాదు. రసీదు అంటే, ఆ రోజు డబ్బు వేశాం అని చెప్పే కాగితం. ఈ రోజు ఉందని చెప్పాల్సింది బ్యాంకు. అది కూడా మధ్యలో ఎవరి చేయీ పడకుండా.

ఇదేదో సర్కారు ఆఫీసు జబ్బు అనుకోకండి. మన హైదరాబాద్‌లోనే పెద్ద ప్రైవేటు కంపెనీ, సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న దాని చైర్మనే ఉత్తరం రాశారు: లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. సర్కారు కాదు, ఏసీ గదులు, విదేశీ క్లయింట్లు, పేరున్న ఆడిటర్లు. మరి ఎట్లా దాటిపోయింది? అమెరికాలో కంపెనీలను పట్టిచూసే ఎస్‌ఈసీ 2011లో తేల్చింది ఇదీ: బ్యాంకులకు రాయాల్సిన ధృవీకరణ ఉత్తరాలను ఆడిటర్లు తమ చేతిలో ఉంచుకోలేదు. పంపడం, జవాబు తీసుకోవడం కంపెనీ చేతికే వదిలేశారు. దానికి ఆ ఆడిట్ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా పడింది. పరీక్ష రాసిన పిల్లాడి చేతికే పేపర్ ఇచ్చి "దిద్దుకుని రా" అన్నట్టు!

ఇంకొకటి, ఇంగ్లండ్‌ది. బేరింగ్స్ అని 1762లో పుట్టిన బ్యాంకు. 1995లో కూలిపోయింది. సింగపూర్‌లో ఒకే ఉద్యోగి లావాదేవీలూ చేశాడు, వాటి లెక్కలు రాసే విభాగాన్నీ తనే చూశాడు. నష్టాలను ఒక ఖాతాలో దాచుకుంటూ పోయాడు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. రెండు వందల ఏళ్లు దాటిన బ్యాంకును ఒక్క పౌండుకు అమ్మాల్సి వచ్చింది.

మూడు చోట్లా డబ్బు వేరు, మనుషులు వేరు. లోపం మాత్రం ఒక్కటే. డబ్బు ఎవరి చేతిలో ఉందో, "డబ్బు ఉంది" అని చెప్పే మాట కూడా వాళ్ల నోటి నుంచే వచ్చింది.

సరే, చేయాల్సిందేమిటి? మూడు పనులు చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటిది, నెలనెలా బ్యాంకు లెక్కతో మన లెక్క కలపడం. దీన్నే బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. ఉదాహరణకు మన క్యాష్ బుక్‌లో 5,00,000 ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 5,42,000 కనిపిస్తోంది. ఎందుకు తేడా? మనం ఇచ్చిన 40,000 చెక్కును అవతలివాళ్లు ఇంకా బ్యాంకులో వేసుకోలేదు. బ్యాంకు ఇచ్చిన 2,000 వడ్డీ మనం ఇంకా రాసుకోలేదు. 40,000, 2,000 కలిపితే 42,000. తేడా తేలింది. అలా ప్రతి రూపాయి తేడాకు ఒక కారణం రాయగలగాలి. "చిన్న తేడానే, వచ్చే నెల చూద్దాం" అన్నచోటే చీమ దూరుతుంది. వచ్చే నెలకు దాని వెనక బారు కడుతుంది.

రెండోది, సూటిగా అడగడం. డిపాజిట్లున్న సంస్థ అయితే, బ్యాంకుకు ఉత్తరం సంస్థ నుంచి నేరుగా పోవాలి. బ్యాంకు అసలు చిరునామాకో, బ్యాంకు అధికారిక మెయిల్‌కో. జవాబు కూడా అట్లాగే నేరుగా రావాలి. "నేను తెచ్చి ఇస్తా సార్, మీకెందుకు శ్రమ" అని మధ్యలో ఒకరు వస్తే, ఎంత మంచివాడైనా సరే, వద్దు అనాలి. ఎక్కువ వడ్డీ ఇప్పిస్తానని తిరిగే దళారి అయితే వెయ్యిసార్లు వద్దు అనాలి.

మూడోది, పని పంచడం. చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు ఒకరు, పుస్తకంలో రాసేవాళ్లు ఒకరు, నెలాఖరుకు సరిచూసేవాళ్లు ఇంకొకరు. ముగ్గురు మనుషులు లేని చిన్న ఆఫీసు అయితే కనీసం ఇద్దరు. అదీ కాకపోతే పై అధికారి నెలకోసారి స్టేట్‌మెంట్ తనే బ్యాంకు నుంచి తెప్పించుకుని చూడాలి. ఏళ్ల తరబడి ఒక్క రోజు సెలవు పెట్టకుండా ఒకే సీటు పట్టుకుని ఉన్న మనిషిని చూసి "ఎంత కష్టజీవి" అని మురిసిపోవద్దు. ఓ పది రోజులు సెలవు ఇచ్చి ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టండి.

ఇవన్నీ ఏదో ఒక స్లైడ్‌లో ఉంటాయి. మరి ఎందుకు జరగడం లేదు? నా అనుభవంలో కారణం తెలివి తక్కువై కాదు, మొహమాటం ఎక్కువై. ముప్పై ఏళ్ల సర్వీసున్న సూపరింటెండెంట్ గారిని నిన్న చేరిన పిల్ల "సార్, బ్యాంకు స్టేట్‌మెంట్ చూడొచ్చా?" అని అడగాలి. నోరు రాదు. అడిగితే "నా మీద అనుమానమా?" అంటారని భయం. అందుకే నా క్లాసులో మాట కూడా నేర్పుతా. ఇట్లా అనమంటా: "సార్, అనుమానం కాదు. రేపు ఆడిట్‌లో అడిగితే మీరూ నేనూ ఇద్దరం నిశ్చింతగా ఉండాలి. అందుకే ఒకసారి కలిపి చూద్దాం." మర్యాద చెడదు, పనీ ఆగదు. అప్పటికీ వద్దంటే, ఫైలులో రెండు లైన్ల నోట్ రాసి తేదీ వేయండి: ఫలానా నెల స్టేట్‌మెంట్ రాలేదు, సరిచూడలేదు. నోటి మాట గాలికి పోతుంది, ఫైలులో మాట నిలబడుతుంది.

ట్రైనింగ్ పెట్టేవాళ్లకు కూడా ఒక విన్నపం. వంద స్లైడ్లలో ఎనభై తీసేయండి. ఆ టైంలో పేర్లు మార్చిన నిజం క్యాష్ బుక్ ఒకటి, స్టేట్‌మెంట్ ఒకటి ఇచ్చి "తేడా పట్టండి" అనండి. భోజనం తర్వాత ఎవరూ నిద్రపోరు, నేను చూశా. తర్వాత ఇద్దరిని లేపి ఒకరిని సార్‌గా, ఒకరిని కొత్త అకౌంటెంట్‌గా మాట్లాడించండి. మొదట నవ్వుతారు. రెండోసారికి గొంతు నిలబడుతుంది.

సర్కారు ఉద్యోగం లేనివాళ్లు "ఇది మాది కాదు" అని స్క్రోల్ చేసేయకండి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు మెయింటెనెన్స్ డబ్బు ఉంది. గల్లీలో వినాయకుడి చందా ఉంది. అమ్మ వాళ్ల పొదుపు సంఘం ఉంది. ఎక్కడ పది మంది డబ్బు ఒక ఖాతాలో ఉందో అక్కడ ఇదే ప్రశ్న. నెలకోసారి స్టేట్‌మెంట్ ఫోటో గ్రూప్‌లో పెట్టమనండి, ఖాతా నంబర్ మీద గీత పెట్టి. ఎవరినీ దొంగ అన్నట్టు కాదు. నిజాయితీగా లెక్క రాసే మనిషికి అదే అన్నిటికన్నా పెద్ద రక్షణ.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లో, అంటే జీఎఫ్‌ఆర్ 2017లో, 21వ రూల్ అని ఒకటి ఉంది. దాని సారం ఇంతే: మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత డబ్బు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటాడో, జనం డబ్బు ఖర్చుపెట్టే ఆఫీసర్ కూడా అంతే జాగ్రత్తగా ఉండాలి. చూడండి, గొప్ప మేధావి అనలేదు, మామూలు మనిషి అంది. చిట్టీ ఎత్తిన రోజు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకునే మన గల్లీ అమ్మకు ఆ రూల్ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జాగ్రత్తే ఆఫీసు సీట్లోకి తీసుకెళ్లమంటున్నా.

మీలో కొత్తగా అకౌంట్స్ సెక్షన్‌లో చేరినవాళ్లుంటే, ఈ నెల మీ ఆఫీసు క్యాష్ బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ చిక్కు పడిందో కింద రాయండి, సంస్థ పేరు, మనుషుల పేర్లు లేకుండా. వచ్చే ఎపిసోడ్‌లో ఆ చిక్కులు ఒక్కొక్కటీ విప్పుదాం. గ్రూప్స్ చదివే ఫ్రెండ్ ఉంటే ఇది పంపండి. ఉంటా మరి, నమస్తే.