వడ్రంగిపిట్ట

బాపట్ల, తెనాలి, రేపల్లెల నడుమ నున్నది పిట్టలవానిపాలెము. ఆ పేరెట్లు వచ్చినదను విచారణ నేఁటి పని కాదు. అచ్చటి చెట్లపై బ్రదుకు నొక పిట్టను గూర్చి చెప్పెదను. వరిచేలు, కాలువగట్లు, తాటిచెట్లే గాని ఆ ప్రాంతమున మహారణ్యములు లేవు. అయినను నల్లమల యడవులలోఁ దిరుగు వడ్రంగిపిట్టల కులమున నొకటి మన తాటిచెట్లనే యడవిగాఁ జేసికొన్నది. ఈ కులమునకు అమరసింహుఁడు దార్వాఘాటమని పేరు చెప్పెను. కొయ్యను గొట్టునదని యర్థము. మన పల్లెవారు పెట్టిన పేరు అంతకంటె సొంపైనది. వడ్రంగికి ఉలి వేఱు, సుత్తి వేఱు. దీనికి రెండును ముక్కే.

వీపు బంగారువన్నె, నడుము నలుపు. మగదాని తలపై నంతయు నెఱ్ఱని కుచ్చు. ఆఁడుదాని నుదురు నల్లనిది, దానిపైఁ దెల్లచుక్కలు. కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకుఁ జాఁగి మ్రానిని పట్టుకొనఁగా, బిరుసైన తోఁక మూఁడవ కాలివలె ఆనుకొనును. చీమలును, బెరడు క్రింది పురుగులును దీని యాహారము. పొడవైన నాలుక కన్నములోనికిఁ బోయి వానిని లాగుకొని వచ్చును. ఆ నాలుకకు ఆధారమగు సన్నని యెముకలు పుఱ్ఱెవెనుకనుండి చుట్టివచ్చి నడినెత్తి మీఁదుగా సాగియుండుట వింతలలో వింత.

ఇంతగాఁ గొట్టినను మెదడేల చెడదు? పుఱ్ఱెలో దెబ్బను మ్రింగు మెత్తవంటి దేదియో కలదని చిరకాలము చెప్పుకొనిరి. బెల్జియమునందలి ఆంట్‌వర్ప్ విశ్వవిద్యాలయపు పండితుఁడును సహచరులును మూఁడు జాతుల పిట్టలను అతివేగముగాఁ బటములు తీసి పరీక్షించి, అది సరికాదని 2022లోఁ బ్రకటించిరి. తల సుత్తివలె బిగువుగానే యుండును. మెత్తన యున్నచో దెబ్బయే వ్యర్థము గదా! మెదడు మిక్కిలి చిన్నదగుటచేతనే తాళుచున్నది.

ఇఁక గూటి సంగతి. 1977 నవంబరునాఁటి తుపానువంటి గాలివానలకు మొవ్వు విఱిగి నిలిచిన తాటిమోడు దీనికిఁ దగిన చోటు. తాటిమ్రానునకు గట్టిదనము వెలుపల, మెత్తన లోపల. పైపొర తొలిచినచో మిగిలిన పని సులువు. ఫిబ్రవరి మొదలు జూలై వఱకు గ్రుడ్లు పెట్టుకాలము. రెండు మూఁడు తెల్లని గ్రుడ్లను ఆలుమగలిద్దఱును పొదుగును. పిల్లలు మూఁడు వారములలో నెగిరిపోవును. పిమ్మట ఆ తొఱ్ఱలోనికి గోరువంకయో, చిలుకయో, చిన్న గుడ్లగూబయో చేరును. చిలుక యున్న కన్నమును పెద్దది చేసికొనఁగలదు. తక్కినవానికి ఆ నేర్పును లేదు.

పిట్ట పొడిచి చెట్టును జంపినదని కొందఱు రైతులందురు. తఱచుగా అది చచ్చినదానినో, పురుగు చొచ్చినదానినో యెన్నుకొనును. పోటు రోగమునకు గుఱుతే గాని కారణము కాదు. ఇంటిపైఁ బడునట్టి మోడును గొట్టవలసినదే. పొలముగట్టున ఎవరికిని అడ్డముగాని దానిని వంటచెఱకునకై యెందులకు గొట్టవలెను? కొట్టక తప్పదేని ఆగస్టు వఱకు ఆగుఁడు. అప్పుడైనను గొడ్డలి యెత్తుటకు ముందు మోడును ఒకమాఱు తట్టి చెవి యొగ్గుఁడు. ఆలస్యముగాఁ బొదిగిన పిల్లలు లోపల నుండవచ్చును.